విమానం వస్తే ఎక్కుతారా?

11 జనవరి 1982, సోమవారం

పద్నాలుగేళ్లుగా ఈ ఎయిర్‌పోర్టులో ట్రాఫిక్ అసిస్టెంటుగా ఉన్నాను. టిక్కెట్లు చింపాను, సామాను తూచాను, ఎండలో వానలో విమానం నిచ్చెన పక్కన నిలబడి వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ నమస్కారాలు పెట్టాను. ఇన్నేళ్లలో డైరీ రాయాలని ఎప్పుడూ అనిపించలేదు. ఇవాళ అనిపించింది. చరిత్ర జరుగుతుంటే ఎవడో ఒకడు తారీకు వేసి ఉంచాలి కదా!

కలకత్తాకి విమానం వేస్తారట. వారానికి మూడు రోజులు. సోమ, బుధ, శుక్ర.

మా మేనేజరు భీమశంకరరావు గారు హెడ్డాఫీసు కాగితం నా చేతికే ఇచ్చి చదవమన్నారు. షరతు ఒక్కటే. ఈ ప్రాంతంలో విమానం ఎక్కే జనం ఉన్నారని ముందు సర్వేలో తేలాలి. తేలితే మూడు నెలలు నడిపి చూస్తారు. ఇక్కడినుంచి సగటున ఇరవై ఎనిమిది సీట్లు నిండితే ఉంచుతారు, నిండకపోతే తీసేస్తారు. ఒకసారి తీసేస్తే మళ్లీ పదేళ్లవరకూ మన ముఖం చూడరని ఆయన అన్నారు. సర్వే నన్నే చెయ్యమన్నారు. నేను కాకపోతే ఎవరు చేస్తారు?

ఓడరేవుంది. షిప్‌యార్డుంది. ఉక్కు ఫ్యాక్టరీకి నేల చదును చేస్తున్నారు. ఇంత ఊరికి రోజుకొక్క విమానం, అదీ హైదరాబాదుకి! నేవీవాళ్ల నేల మీద ఓ మూల మన రేకుల షెడ్డు, అందులో ఇరవై కుర్చీలు. ఇంటికొచ్చి గోడమీది భారతదేశం పటంలో విశాఖపట్నం నుంచి కలకత్తాకి ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాను. చెయ్యి ఊరుకోలేదు. మద్రాసుకీ, బొంబాయికీ, ఢిల్లీకీ కూడా గీశాను. సింగపూరు పటంలో లేదు కాబట్టి సముద్రం మీద బాణం గుర్తు పెట్టాను.

తాయారు చూసి నవ్వింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" అంది. పెళ్లాలకి ముందుచూపు ఉండదు.

20 జనవరి, బుధవారం

సర్వే ఫారం ఇంగ్లీషులో వచ్చింది. మేనేజరు గారు అసలు ప్రశ్నని తెలుగు చేశారు. "విమానయాన సౌకర్యమును వినియోగించుకొనుటకు తమరు ఇచ్ఛగింతురా?"

ఇది పట్టుకుని జాలరిపేట వెళ్తే గంపలు తిరగేసి కొడతారు. "సార్, ఇది తెలుగు కాదు, తద్దినం మంత్రం" అని మొహం మీదే చెప్పాను. కొట్టేసి నేను రాశాను.

విమానం వస్తే ఎక్కుతారా?

మూడే మూడు మాటలు. చిన్నపిల్లకైనా తెలుస్తుంది. కలకత్తా అన్న మాట ఫారం నెత్తిమీద అచ్చయ్యే ఉంది కదా, మళ్లీ ప్రశ్నలో ఎందుకు? భీమశంకరరావు గారు కాసేపు మూతి ముడుచుకుని, "సరేలే గురునాథం, జనం భాష నీకే తెలుసు" అన్నారు. నాకు కాక ఎవరికి తెలుస్తుంది? తగరపువలస పక్కన చోళ్ల చేలల్లో పుట్టి పెరిగినవాణ్ణి.

3 ఫిబ్రవరి, బుధవారం

మధురవాడ వెళ్లొచ్చాను. జీడితోటలూ మట్టిదారులూ. ఈ ఊళ్లో ఎవరు ఎక్కుతారులే అనుకున్నాను. నా బుద్ధి కాల్చ! అరవై రెండు ఇళ్లు తిరిగితే అరవై ఇళ్లు "ఎక్కుతాం" అన్నాయి.

అసిరమ్మ అని ఓ ముసలమ్మ, పళ్లు లేవు. "నాను బతికుండగానే వస్తాదా బాబూ? నన్ను ముందెక్కించాల మరి. ఈ కుర్రముండలు తోసేస్తారు" అంది.

"పిల్లల్ని కూడా ఎక్కనిస్తారేటి?" అని ఇంకొకామె అడిగింది. ఎందుకెక్కనివ్వరమ్మా అన్నాను. ఫారం పక్కన రాసుకున్నాను: ఈ ప్రాంతంలో కుటుంబ సమేతంగా ప్రయాణించే అవకాశం ఎక్కువ.

9 ఫిబ్రవరి, మంగళవారం

ఆటోనగర్. యాభై షెడ్లు. యాభైకి యాభై. కామరాజు తన లేతు మిషను ఆపి మరీ సంతకం పెట్టాడు. మా ఊరివాడే, వరసకి నాకు బావమరిది. "కలకత్తా నుండి సామాన్లు రావాలంటే రైల్లో వారం పడతంది బావా. ఇమానమేస్తే నానే మొదటోణ్ణి" అన్నాడు.

21 ఫిబ్రవరి, ఆదివారం

జాలరిపేట. మా ఇంటికి చేపలు తెచ్చే నూకాలుదే మొదటి ఇల్లు. ఆమె చీర కొంగు నడుంకి బిగించి నా ముందు నడిచింది. వల బాగుచేసుకుంటున్న మగవాళ్లందరినీ కేకలేసి లేపింది. "ఒరే, ఈ బాబుది ఇమానం. ఎక్కుతారా అని అడగతన్నాడు, సెప్పండర్రా!"

అందరూ ఎక్కుతామన్నారు. నూకాలు ఇంకోమాట అంది. "పోర్టుకాడ నేవీవోళ్ల షిప్పెక్కినాం గదా మొన్న డిసెంబర్లో. ఇదీ ఎక్కుతాం."

షిప్పు ఎక్కినవాళ్లు! ప్రయాణాలు అలవాటైన జనం ఇక్కడున్నారు. హెడ్డాఫీసులో కూర్చున్నవాళ్లకి ఇది తెలియాలి. రిపోర్టులో ప్రత్యేకంగా పేరా పెడతాను.

6 మార్చి, శనివారం

మొత్తం పదకొండువందల నలభై ఇళ్లు. ఎక్కుతామన్నవి వెయ్యీ ఇరవై రెండు.

రెండుసార్లు లెక్కపెట్టాను. మూడోసారి తాయారు చేత లెక్కపెట్టించాను. మన ఇంటి ఫారం మొట్టమొదట నేనే నింపాను, దానిలోనూ ఎక్కుతాం అనే ఉంది. నా ఊరు! ఎవరైనా ఏమైనా అననీ, ఇలాంటి ఊరు ఇంకోటి లేదు.

20 మే, గురువారం

ఒప్పుకున్నారు! జూలై అయిదు నుంచి. "ఇంత శాతం ఆదరణ మరే స్టేషనులోనూ కనిపించలేదు" అని రాశారు. ఆ కాగితం మేనేజరు గారు నోటీసు బోర్డుకి అంటించారు. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి చదివాను.

5 జూలై, సోమవారం

ఎక్కడ మొదలుపెట్టను?

పొద్దున్న ఏడింటికే రోడ్డు మీద లారీలు. మొదట జాలరిపేట లారీ. దాని వెనక మధురవాడ ట్రాక్టరు, రెండు తొట్లు తగిలించుకుని. ఆటోనగర్ నుంచి సైకిళ్లు. ఆడవాళ్లు కొత్తకోకలు, తలల్లో కనకాంబరాలు. పిల్లలకి పౌడరు రాసి బొట్లు పెట్టారు. అసిరమ్మని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని దింపారు. ఎవరూ చెప్పకుండానే కంచె పొడుగునా వరసలో నిలబడ్డారు. నాలుగువందలమందికి తక్కువుండరు. నేవీ గార్డులు కంగారుపడి గేటు మూసేశారు.

నా గుండె ఎలా ఉప్పొంగిందో రాయలేను. భీమశంకరరావు గారైతే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వీడ్కోలు చెప్పడానికి ఇంతమందా గురునాథం!" అన్నారు. "సార్, ఇది విశాఖపట్నం" అన్నాను.

పదిన్నరకి ఆవ్రో విమానం దిగింది. వెండి కొరమీనులా మెరిసింది. చప్పట్లు. పదకొండుంపావుకి వెళ్లిపోయింది. ఇక్కడినుంచి తొమ్మిదిమంది ఎక్కారు. మొదటి రోజు కదా.

అది లేస్తుంటే జనంలోంచి గోల వినబడింది. సంతోషం పట్టలేక అరిచారనుకున్నాను. తర్వాత చాలామంది ముఖాలు ముడుచుకుని లారీలెక్కారు. బహుశా ఎండకి.

కామరాజు రాలేదు. పనుందట.

6 జూలై, మంగళవారం

తొమ్మిది తక్కువేం కాదు. హైదరాబాదు విమానానికి మొదటి రోజు ఆరే.

8 జూలై, గురువారం

నిన్న ఏడుగురు.

నూకాలు ఇవాళ చేపలు తెచ్చింది. ఎప్పుడూ గుమ్మంలో కూర్చుని తాయారుతో ఊళ్లో కబుర్లన్నీ చెప్పే మనిషి, ఈరోజు గంప దించలేదు. నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకుంది. ఏమైందమ్మా అన్నాను. అంతే, విరుచుకుపడింది.

"ఏటయ్యిందా? మాటంటే మాట గాదేటి బాబూ? పేటపేటంతా ఆ పొద్దు సేపలమ్ముకోడం మానేసి వచ్చినాం. గుంటలికి తలంట్లు పోసినాం. ఎండలో నిలబెట్టినారు. ఒక్కళ్లనంటే ఒక్కళ్లని ఎక్కనియ్యనేదు. గేటేసేసి, దాన్ని తోలుకుపోనారు!"

"టిక్కెట్టు కొన్నవాళ్లని ఎక్కించాం కదా నూకాలూ?"

"టిక్కెట్టేటి? నేవీవోళ్లు షిప్పెక్కించినప్పుడు టిక్కెట్టడిగినారా? ఎక్కినాం, లోపలంతా సూసినాం, తుపాకులు ముట్టుకున్నాం, దిగిపోయొచ్చినాం. నువ్వూ అలాగే ఎక్కిస్తావనుకున్నాం."

అప్పుడు గుర్తొచ్చింది. డిసెంబరు నాలుగో తారీకు నేవీ డే. ఆ రోజుల్లో యుద్ధనౌకలు జనానికి చూపిస్తారు. ఊరంతా వెళ్లి షిప్పు ఎక్కుతుంది. ఎక్కి, చూసి, దిగుతుంది.

"మరి కలకత్తా..." అన్నాను.

"కలకత్తా మాకెందుకు? ఎక్కుతారా అని అడిగినావు, ఎక్కుతామన్నాం. ఎగరమన్నావేటి బాబూ?"

వంటింట్లోంచి తాయారు నవ్వు వినబడింది. ఆపుకోవాలని చూసిందిగానీ ఆగలేదు.

9 జూలై, శుక్రవారం

ఈరోజు రాయను.

23 జూలై, శుక్రవారం

మొన్నటిదాకా ఆషాఢం. ఆషాఢంలో ఎవడు ప్రయాణం పెట్టుకుంటాడు? పైగా వానలు. శ్రావణం వచ్చింది కదా, చూడండి ఇక. నూకాలు మాట ఒక పేట మాట. వెయ్యీ ఇరవై రెండు ఇళ్లలో ఒక పేట పోతే ఎంత పోతుంది? మధురవాడవాళ్లు ఒకరోజు చూసి ధైర్యం తెచ్చుకుంటారు. ఈ వారం పదకొండు, ఎనిమిది, పదకొండు. పెరుగుతోందనే చెప్పాలి.

11 ఆగస్టు, బుధవారం

ఆరుగురు.

పటంలో సింగపూరు బాణం చెరిపేశాను. పెన్సిల్ గీతే కాబట్టి మచ్చ పెద్దగా లేదు.

14 ఆగస్టు, శనివారం

మద్రాసు ఆఫీసు నుంచి వరదరాజన్ అనే అధికారి వస్తున్నారు. సర్వేలో వెయ్యి ఇళ్లు ఎక్కుతామన్నప్పుడు విమానం ఎందుకు ఖాళీగా పోతోందో తేల్చడానికి. ఆ ఇళ్లకే తిరిగి వెళ్లి ఆయన ఎదురుగా మళ్లీ అడగాలట. ఆయనకి తెలుగు రాదు. దుబాసీ పని నాది.

22 ఆగస్టు, ఆదివారం

మేనేజరు గారికి నూకాలు మాట మొత్తం చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన పాపం కుర్చీలో కూలబడిపోయారు. "నేను రాసిన ప్రశ్నే ఉంచితే సరిపోయేదేమో" అన్నారు. ఆ మాట సూదిలా గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం. ఆ తద్దినం మంత్రం ఎవరికీ అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోతే ఎవరూ ఊఁ అనేవారు కాదు.

తర్వాత ఆయనే గొంతు తగ్గించి, "ఏం లేదు, ఆయన ముందు కూడా అదే ప్రశ్న అడిగెయ్. వాళ్లు ఎక్కుతామంటారు. ఆయన రాసుకుని పోతాడు. ఇంకో మూడు నెలలు గడువు దొరుకుతుంది. నీకూ నాకూ మాట రాదు" అన్నారు.

సాయంత్రం కామరాజు ఇంటికొచ్చాడు. వాడికీ ఎలాగో తెలిసిపోయింది. "బావా, నోరు నీది, సెవి ఆయనది. మజ్జిన ఏటుంటాదో ఎవుడికి తెలుస్తాది? ఊరికి ఇమానం ఉండాల. అంతే."

"ఊరికి విమానం కావాలంటున్నావు, నువ్వెందుకెక్కలేదురా?" అని అడిగాను.

"బుధారం ఎల్తే మళ్లీ శనారానికి గాని రానేను. కార్ఖానా ఎవుడు సూస్తాడు?" అన్నాడు. సాకులు చెప్తున్నాడు.

పద్నాలుగేళ్లలో నేను ఎవరికీ అబద్ధం చెప్పి విమానం ఎక్కించలేదు. ఆలస్యమైతే ఆలస్యమని చెప్పాను, తిట్లు తిన్నాను. కానీ ఇది ఊరి విషయం. ఎక్కుతారా అన్నది అబద్ధం కాదు కదా. అది మంచి తెలుగు.

25 ఆగస్టు, బుధవారం

వరదరాజన్ గారు సన్నగా, నుదుటిమీద సన్నటి తిరుచూర్ణం గీతతో, గొడుగు పట్టుకుని వచ్చారు. తక్కువ మాటల మనిషి. జీపు జాలరిపేట ఒడ్డున ఆగింది. పడవలు అప్పుడే ఒడ్డుకొస్తున్నాయి.

మొదటి ఇల్లు చలమయ్యది. ఆయన ఇంగ్లీషులో అడిగారు: విమానంలో ప్రయాణం చేస్తారా? నేను తెలుగులో అడిగాను: విమానం వస్తే ఎక్కుతారా? "ఎక్కుతాం" అన్నాడు చలమయ్య. ఆయన టిక్కు పెట్టారు. నా మెడ మీద చెమట పట్టింది. గాలి బాగానే వేస్తోంది.

రెండో ఇల్లు నూకాలుది. ప్రశ్న నా నోట్లోంచి సగం వచ్చిందో లేదో, నడుంమీద చెయ్యేసుకుని నిలబడింది. "మళ్లీ అదే అడుగుతావేటి బాబూ? ఈసారన్నా ఎక్కనిస్తారా, మళ్లీ ఎండలో నిలబెట్టి తోలేస్తారా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వరదరాజన్ గారు నావైపు తిరిగి, "ఏమంటోంది?" అన్నారు.

నూకాలు నా ముఖంలోకే చూస్తోంది. ఆమెకి ఇంగ్లీషు రాదు. ఆయనకి తెలుగు రాదు. ఇద్దరి మధ్యా నేనొక్కణ్ణే ఉన్నాను. "ఎక్కుతానంటోంది సార్" అంటే సరిపోయేది. నిజంగా అదే కదా అంటోంది! నాకు ఆ క్షణంలో నా మీద నాకే రోత పుట్టింది. జనం భాష నాకే తెలుసని విర్రవీగినవాణ్ణి, ఆ భాషనే అడ్డంపెట్టుకుని ఈమె మాటని ఈమె ఎదుటే మార్చేస్తానా?

"సార్, ఆమె నన్ను తిడుతోంది" అన్నాను. "తిట్టాల్సిందే. తప్పు ఆమెది కాదు, నాది."

అక్కడే, ఉప్పుచేపల వాసనలో నిలబడి, ఆయనకి అంతా చెప్పాను. నేవీ డే సంగతి, షిప్పు సంగతి, ఎక్కడం అంటే ఎక్కి దిగడమేనని వీళ్లు అనుకున్న సంగతి, మూడు మాటల ప్రశ్న రాసినవాణ్ణి నేనేనన్న సంగతి. ఇప్పుడు చలమయ్య ఇంట్లో కూడా మోసం చేశానని చెప్పాను.

ఆయన గొడుగు మూశారు. చలమయ్య పేరు పక్కన టిక్కు కొట్టేశారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. "సరైన ప్రశ్న ఏమిటి?" అని అడిగారు.

నేను ఆలోచించి చెప్పాను. "టిక్కెట్టు కొనుక్కుని కలకత్తా వెళ్తారా? వెళ్తే ఏ పనిమీద, ఏ రోజు?"

ఆయన దాన్ని అరవ అక్షరాల్లో పుస్తకంలో రాసుకున్నారు. మూడో ఇంట్లో తనే అడిగారు. "టిక్కట్టు కొనుక్కునీ..." అని ఆయన అంటుంటే పిల్లలు పడిపడి నవ్వారు. అయినా అర్థమైంది. "మావెందుకెల్తాం బాబూ" అన్నారు. సున్నా. నాలుగో ఇల్లు సున్నా. పేటంతా సున్నా.

తలవంచుకుని తిరుగుతానని అనుకున్నాను. చిత్రం, మధ్యాహ్నానికి నా తల దానంతటదే పైకి లేచింది.

28 ఆగస్టు, శనివారం

నాలుగురోజుల్లో నాలుగువందల ఇళ్లు. వరదరాజన్ గారు జాబితాలో లేని చోట్లకీ తీసుకెళ్లమన్నారు. షిప్‌యార్డు క్వార్టర్లు, పోర్టు క్లియరింగ్ ఏజెంట్లు, రొయ్యల ఎగుమతివాళ్లు, ఉక్కు ఫ్యాక్టరీ కోసం వచ్చిన ఇంజనీర్లు. ముందు నేను వీళ్లని అడగనేలేదు. వీళ్లెలాగూ ఎక్కుతారులే, ఊరి బలం చూపిద్దామని పల్లెల వెంట తిరిగాను.

మొత్తం మీద "వెళ్తాం" అన్నవి అరవై ఒక్క ఇళ్లు. వెయ్యీ ఇరవై రెండెక్కడ, అరవై ఒకటెక్కడ!

కానీ అరవై ఒకరూ పనేమిటో చెప్పారు. ఏ రోజో కూడా చెప్పారు. అందులో నలభైమంది శుక్రవారమే అన్నారు. శుక్రవారం వెళ్తే శనివారం కలకత్తాలో పని చూసుకుని, ఆదివారం మెయిలు రైలెక్కి సోమవారానికి పనిలో ఉండొచ్చు. కామరాజు ఆరోజు అన్న మాటే ఇది. సోమ, బుధ వారాలు ఎవరికీ పనికిరావు. ఈ సంగతి మద్రాసువాళ్లకీ తెలియదు, ఢిల్లీవాళ్లకీ తెలియదు. నా ఊరివాళ్లు నాకు చెప్పారు.

చివరి ఫారం మా ఇంటిది. తాయారుని అడిగాను. టిక్కెట్టు కొనుక్కుని కలకత్తా వెళ్తామా?

"కలకత్తాలో మనకెవరున్నారండీ?" అంది.

వెళ్లం అని రాశాను.

2 సెప్టెంబరు, గురువారం

వరదరాజన్ గారి రిపోర్టుకి జతగా నా కాగితం కూడా పంపమన్నారు. రాశాను. సోమ, బుధవారాలు తీసేసి శుక్రవారం ఒక్కరోజే నడపండి, సగటు ఇరవై ఎనిమిది దాటుతుంది, దాటకపోతే బాధ్యత నాది. సంతకం పెట్టాను. భీమశంకరరావు గారు చదివి, "నీ పీకకి నువ్వే ఉరి పోసుకుంటున్నావు" అన్నారు. అన్నాక తనూ కింద సంతకం పెట్టారు. మంచివాడు. భాష మాత్రం మారదు.

కామరాజు ఆటోనగర్‌లో అందరి ఎదుటా కేకలేశాడట. "మూడున్నదాన్ని ఒకటి సెయ్యమన్నాడు మా బావ. సొంతూరికి ఇంత ద్రోహం ఎవుడైనా సేస్తాడా?" వాడు మా ఇంటికి రావడం మానేశాడు.

13 సెప్టెంబరు, సోమవారం

మెమో వచ్చింది. ప్రశ్నావళి అనువాదంలో అజాగ్రత్త. నా సర్వీసులో మొదటి మెమో. తెలుగు మరీ బాగా వచ్చినందుకు మెమో తిన్నవాణ్ణి దేశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. తాయారుకి చదివి వినిపిస్తే పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, సగం సగం.

27 సెప్టెంబరు, సోమవారం

ఈరోజు విమానంలో ఇక్కడినుంచి నలుగురు. కలకత్తాలో వానట, గంటసేపు ఆగమన్నారు. కెప్టెన్ బీడీ కట్టలాంటి పైపు కాలుస్తూ షెడ్డులో కూర్చున్నాడు. పంజాబీ మనిషి. ఆయనకి నూకాలు కథ చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వి, "పిలు వాళ్లని" అన్నాడు.

నేవీ గార్డుని బతిమాలాను, మేనేజరు గారు పూచీ ఇచ్చారు, జీపు జాలరిపేట పరిగెత్తింది. నూకాలూ, ఇంకో పదిమంది ఆడవాళ్లూ వచ్చారు, దొరికినవాళ్లు దొరికినట్టు, చేపల చేతులతోనే. వెనక తలుపు నుంచి ఒక్కొక్కరే ఎక్కారు. నూకాలు కిటికీ పక్క సీట్లో కూర్చుంది, బెల్టు పట్టుకు చూసింది, అద్దాన్ని తోసింది.

"మా బస్సే నయం. కిటికీ తెరుసుకుంటాది" అంది.

దిగాక చీర సర్దుకుని నావైపు చూసింది. "ఎక్కుతామన్నాం, ఎక్కినాం. ఇంక మీ మాట మాకు బాకీ నేదు బాబూ."

అసిరమ్మ కోసం మధురవాడకి జీపు పంపడానికి వ్యవధి లేకపోయింది. అది మాత్రం నా మనసులో ఉంది.

8 అక్టోబరు, శుక్రవారం

సోమ, బుధ రద్దు. శుక్రవారం ఒక్కటే ఉంచారు. వచ్చే వారం నుంచి ఎనిమిది వారాలు చూస్తారట, తగ్గితే అదీ పోతుందట. విడిగా ఒక వాక్యం ఉంది: "స్థానిక సిబ్బంది సూచన మేరకు." ఆ సిబ్బంది నేను. పేరు రాయలేదు, ఫరవాలేదు.

14 అక్టోబరు, గురువారం

నిద్ర పట్టేలా లేదు. బాధ్యత నాది అని రాసిచ్చినవాణ్ణి నేనే కదా. రేపు పదిమందే వస్తే? తాయారు వేడినీళ్లు పెట్టి, "ఊరు మునిగిపోతున్నట్టు ఆ మొహమేమిటండీ, స్నానం చేసి పడుకోండి" అంది.

15 అక్టోబరు, శుక్రవారం

పొద్దున్న తొమ్మిదింటికి షెడ్డులో ముగ్గురు. తొమ్మిదింపావుకి అయిదుగురు. నా చేతిలో టిక్కెట్లు చింపే పని లేక వేళ్లు విరుచుకున్నాను.

తొమ్మిదిన్నర నుంచి మొదలయ్యారు. షిప్‌యార్డు బెంగాలీలు దుర్గాపూజకి పెళ్లాంపిల్లలతో, ఒక్కొక్క ఇంటికి మూడేసి సూట్‌కేసులు. రొయ్యల ఎగుమతి ఆయన. గాజువాక నుంచి ఒకావిడ, కూతురికి అక్కడ పురుడట, ఒళ్లో ఊరగాయ జాడీ, దాన్ని తూకం మీద పెట్టనివ్వదు. ఉక్కు ఫ్యాక్టరీ ఇంజనీర్లు నలుగురు. పోర్టు ఏజెంటు. ఇరవై కుర్చీలూ నిండిపోయాయి. మిగతావాళ్లు నిలబడ్డారు. మేనేజరు గారు తన కుర్చీ కూడా తెచ్చి వేశారు.

ఇరవై ఏడు దాటాక నేను పైకి లెక్కపెట్టడం మానేశాను. లోపల మానలేదు.

చివర్లో చేతికి నూనె మరకలతో, ఇస్త్రీ చొక్కాతో కామరాజు. టిక్కెట్టు బల్ల మీద పెట్టాడు గానీ నావైపు చూడలేదు. సామాను అడిగాను. లేదన్నాడు. కిటికీ పక్క సీటిచ్చాను.

"రేపు బేరింగులు కొనుక్కుని, ఎల్లుండి మెయిలెక్కితే సోమారం పొద్దున్నకి కార్ఖానాలో ఉంటాను బావా" అన్నాడు గోడతో చెప్తున్నట్టు.

"తెలుసురా" అన్నాను. బల్లకింద కాగితాలు వెతుకుతున్నట్టు నటించాను.

పదకొండింటికి వరస కదిలింది. నిచ్చెన పక్కన నిలబడి ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టాను. ముప్పై ఒకరు. తలుపు మూసేముందు ఎవరైనా సందేహపడి వెనక్కి వస్తారేమోనని చూశాను. నిచ్చెన లాగేశారు. పంకాలు తిరిగాయి, దుమ్ము లేచింది, నా టోపీ ఎగిరిపోయింది, వెతకలేదు. ఆవ్రో రన్‌వే చివరిదాకా పోయి, తిరిగి, పరిగెత్తి, లేచి సముద్రం వైపు ఒరిగింది.

ముప్పై ఒకరు ఎక్కారు. ఒక్కరూ దిగలేదు.